రంగయ్యగారి అంతరాత్మ

పాల ప్యాకెట్లు కోసే కత్తెరతో మీసాలు కత్తిరించుకున్న మనిషిని ఏమనాలో ఆ ఆదివారం పొద్దున వరూధినికి వెంటనే తోచలేదు. తోచిన మాటలేమో అత్తగారి ఎదుట అనదగ్గవి కావు.

“ఇది వంటింటి కత్తెర,” అంది, దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని హాల్లోకి వచ్చి.

“కడిగే పెట్టానుగా,” అన్నాడు మల్లికార్జున్, అద్దంలోంచి చూపు తిప్పకుండా.

“కడిగితే ఈ అంటుకున్నవి ఎవరి వెంట్రుకలు? పాలవాడివా?”

“ఏదో ఒకటీ అరా ఉండిపోయి ఉంటాయి. నా కత్తెర మొండిబారింది. దానికింత రాద్ధాంతమా?”

“అది దసరా నుంచీ మొండిబారే ఉంది. సాన పట్టించమని చెప్తూనే ఉన్నాను. అప్పుడు గుర్తురాని మీసాలు ఇప్పుడు గుర్తొచ్చాయా?”

కుర్చీలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న భాగీరథమ్మ తల ఎత్తకుండానే కలగజేసుకుంది. “పోనీలేమ్మా. ఈ పొద్దు వాడు పెద్ద తెర మీద పడబోతా ఉండాడు. మీసాలకి బంగారు కత్తెర తేవాల్సింది మనం.”

మల్లికార్జున్ దాన్ని పొగడ్త కింద జమకట్టుకుని మీసం రెండోవైపు మొదలుపెట్టాడు.

“నాన్నా, షూటింగ్ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ట్రిమ్ చేస్తే తెర మీద మీసం మారదు,” అంది వర్షిణి సోఫాలోంచి.

“అందుకే చేస్తున్నానే. తెర మీద రంగయ్యను చూసినవాళ్ళు లైట్లు వెలిగాక నన్ను గుర్తుపట్టాలా వద్దా? అప్పుడెలా ఉన్నానో అలాగే ఉండాలి.”

వరూధిని కత్తెరను వేడినీళ్ళలో పడేసి పాల ప్యాకెట్‌ను చాకుతో కోసింది. చాకుతో కోస్తే పాలు చిందుతాయని తెలుసు. చిందాయి. గట్టు తుడుచుకుంది. ఇంకో రోజయితే మరో నాలుగు మాటలు అనేదే. ఆ రోజు మాత్రం గొడవ పెంచుకోబుద్ధి కాలేదు. ఆ ఆట చూడాలని మల్లికార్జున్ కన్నా ఆమెకే ఆత్రంగా ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆట అంటే సినిమా కాదు, నాటకమే. కె.ఆర్.పురంలో తరాలుగా కన్నడవాళ్ళ మధ్య ఉంటున్న తెలుగువాళ్ళు కొందరు కలిసి ఒక నాటక బృందం పెట్టుకున్నారు. హేమంత్‌కుమార్ దానికి అధ్యక్షుడు, రచయిత. మల్లికార్జున్ హీరో. వాళ్ళు ఊరూరా కల్యాణమండపాల్లో ఆడుతున్న నాటకం పేరు “రంగయ్యగారి వాటా”. భార్య పోయాక ఉన్నదంతా కొడుకులకు పంచిపెట్టి, చివరికి తన వాటా ఏదని అడిగే ఒక పెద్దాయన కథ. కిందటేడు మల్లికార్జున్ ఆఫీసువాళ్ళతో కలిసి మాల్‌కు వెళ్ళి, లండన్‌లో జనం ముందు ఆడిన నాటకాన్ని కెమెరాలతో తీసి థియేటర్లో వేస్తే చూసొచ్చాడు. ఆ ఇంగ్లీషు ఎంతవరకు అర్థమైందో గాని, ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే పాట. “మన నాటకాన్ని కూడా అలా తీయాలి. జనం చూస్తుండగానే తీయాలి. పెద్ద తెర మీద వేయాలి.” చివరికి సినిమా కోర్సు చదువుకుని కొత్తగా పని మొదలుపెట్టిన అర్పిత అనే కన్నడ అమ్మాయి మూడు కెమెరాలతో తీసి, ఆ ముక్కలన్నీ తనే కూర్చి ఇచ్చింది. వర్తూరు రోడ్డులోని ఒక మాల్‌లో చిన్న హాలు పొద్దుటి ఆటకు మాట్లాడుకున్నారు.

ఇందులో వరూధిని పాత్ర ఏమిటంటే, ఏ పాత్రా లేదు. ఆమె ప్రాంప్టరు.

మల్లికార్జున్‌కు డైలాగులు రావు. ఏనాడూ రాలేదు. గొంతు ఉంది, నిలువెత్తు మనిషి, పంచె కడితే పంచెకే అందం. మాటలు మాత్రం నిలవవు. మొదటి నాటకం రోజున, “ఒకవేళ మర్చిపోతే అందిద్దువుగాని, ఊరికే పక్కన నుంచో” అన్నాడు. అలా నుంచున్నది, తర్వాత ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. అప్పటి నుంచి ఏ నాటకానికైనా ఎడమవైపు తెర చాటున ఆ స్టూలు, చేతిలో కాగితాలు, చిన్న టార్చి. ప్రాంప్టరు కాగితం మీది నుంచి కళ్ళు ఎత్తకూడదు. ఎత్తితే వరుస తప్పుతుంది, తప్పితే రంగయ్య నడివీధిలో నిలబడిపోతాడు. ఎప్పుడైనా క్షణం ఖాళీ దొరికి తలెత్తితే కనిపించేవి మొగుడి ఎడమ చెవి, మెడ మీద చెమట, సెట్టు గోడల వెనకవైపు. ఆ గోడలు ముందు నుంచి చూస్తే పెంకుటిల్లట. వెనక నుంచి చూస్తే ఎవరో నగల కొట్టువాళ్ళ పాత ఫ్లెక్సీ.

కాబట్టి అన్నిసార్లు ఆడిన ఆ నాటకాన్ని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. విన్నది. చివరి సీన్లో రంగయ్య గడప మీద కూర్చుని, “మీ అమ్మ బియ్యం ఏరుకున్న ఈ గడప ఎవరి వాటాలోకి వస్తుందిరా?” అని మొదలుపెట్టగానే హాలంతా నిశ్శబ్దమైపోయేది. ముందు వరుసల్లో ఆడవాళ్ళు ముక్కులు చీదుకోవడం కాగితాల్లో తల దూర్చుకున్న ఆమెకు వినిపించేది. ఆట అయ్యాక వాళ్ళే వచ్చి, “మీ ఆయన ముఖం చూస్తే ఏడుపాగలేదండీ” అనేవారు. ఏ ముఖమో అనుకునేది వరూధిని. ఇంట్లో ఆమెకు తెలిసిన ముఖం సాక్సులు ఎక్కడున్నాయని అడిగే ముఖం. ఆ మనిషి దగ్గరే ఊళ్ళోవాళ్ళను ఏడిపించే ముఖం ఇంకొకటి ఉండి, దాన్ని అందరూ చూసి, తను మాత్రం చూడకపోవడం ఎక్కడి న్యాయం? తెర మీద వేస్తున్నారంటే ఆమె సంతోషించింది అందుకే. ఈసారి స్టూలు లేదు, కాగితాల్లేవు. జనంతో పాటు మెత్తటి కుర్చీలో కూర్చుని చూడడమే.

మాల్ దగ్గరే మొదటి అడ్డంకి ఎదురైంది. భాగీరథమ్మ సంచిలో బియ్యప్పిండితో చేసిన నిప్పట్ల డబ్బా ఉంది. సెక్యూరిటీ అమ్మాయి ఆపి, బయటి తిండి లోపలికి తేకూడదంది.

“బయటి తిండి కాదమ్మా ఇది, ఇంటి తిండి. బయట నేనేమీ తిననే తినను,” అంది భాగీరథమ్మ.

“రూల్ అండి.”

“మా వాడిదే సినిమా. నేను వాడి తల్లిని. నా కొడుకు సినిమాకి నా నిప్పట్లు కాదనేదానికి నువ్వెవరమ్మా?”

మల్లికార్జున్ అప్పటికే మీసం సవరించుకుంటూ ఎస్కలేటర్ ఎక్కేశాడు. వరూధిని నచ్చజెప్పి, డబ్బా అక్కడి బల్ల మీద పెట్టించి, తిరిగి ఇస్తారని అత్తగారికి మాటిచ్చి, లోపలికి తీసుకొచ్చేసరికి హేమంత్‌కుమార్ ఉపన్యాసం సగంలో ఉంది. తెరలు కుట్టినవాళ్ళకు, కాఫీలు తెచ్చినవాళ్ళకు, బళ్ళు పెట్టుకోవడానికి చోటిచ్చిన మండపంవాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. ప్రాంప్టరు ఊసు లేదు. “ప్రాంప్టరు పేరు చెప్తే మనకు డైలాగులు రావని మనమే దండోరా వేసినట్టు ఉంటుంది పాపా” అని ఆయన వర్షిణితో ఇంతకుముందే అన్నాడు. వరూధిని పట్టించుకోలేదు. పేరు కోసం రాలేదు ఆమె.

దీపాలు ఆరాయి. తెర మీద పెంకుటిల్లు వచ్చింది. నిజంగానే పెంకుటిల్లులా ఉంది. నగల కొట్టు జాడే లేదు. వరూధినికి ప్రాణం లేచొచ్చింది. రంగయ్య వచ్చాడు, కండువా దులిపాడు, నోరు తెరవబోయాడు.

“ఎవరమ్మా తలుపు తీసి పెట్టింది?” అంది ఒక ఆడ గొంతు, గుసగుసగా.

“ఎవరమ్మా తలుపు తీసి పెట్టింది?” అన్నాడు రంగయ్య.

హాల్లో ఎవరో దగ్గారు. వరూధిని వీపు కుర్చీకి అతుక్కుపోయింది. రంగయ్య చొక్కాకు తగిలించిన మైకు ఆమె గొంతును కూడా పట్టేసింది. సరే, గొంతే కదా, నాలుగు డైలాగులయ్యాక అలవాటైపోతుందిలే అనుకుంది. అంతలో తెర మీద రంగయ్య ఎడమవైపు చూశాడు. మండపంలో దూరం నుంచి కనిపించని ఆ చూపు తెర మీద గుమ్మమంత కళ్ళతో కనిపించింది. ఆ చూపు వెంటే బొమ్మ మారింది.

వరూధిని. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. చేతిలో టార్చి, గడ్డం కింది నుంచి పడుతున్న వెలుగులో పెద్ద పెద్ద ముక్కుపుటాలు. స్టేజి పక్కన దుమ్ము కదా అని కట్టుకున్న వెలిసిపోయిన నేత చీర. అంతా గోడంత పొడుగున.

“అయ్యో, మన వరూధిని!” అంది భాగీరథమ్మ, హాలంతటికీ వినబడేలా. “ఉండేవన్నీ వదిలి ఆ చీర ఎందుకు కట్టుకుంటివమ్మా?”

ఎక్కడో పిల్లలు కిసుక్కుమన్నారు. వర్షిణి దుపట్టా నోట్లో కుక్కుకుంది. మల్లికార్జున్ కుర్చీలో కిందికి జారి జారి, పక్కనుంచి చూస్తే మీసంగా మాత్రమే మిగిలాడు.

“ముందే చూసుకోలేదా మీరు?” అంది వరూధిని పళ్ళ బిగువున.

“మొదటి రెండు నిమిషాలు చూశాను. కండువా దులపడం బాగానే వచ్చింది. మిగతాది తర్వాత చూద్దామనుకున్నా.”

“ఆ రెండు నిమిషాల్లో నా గొంతు వినబడలేదా?”

“నీ గొంతు నాకెప్పుడూ వినబడుతూనే ఉంటుంది కదే. వేరేగా ఏం తెలుస్తుంది?”

వరూధిని తెర వైపు తిరిగింది. చివరి సీను కోసం కాచుకుని కూర్చుంది. అంతవరకు తన ముక్కుపుటాలు, తన టార్చి, కాగితం తిప్పేటప్పుడు వేలికి ఉమ్మి తడి చేసుకోవడం, అన్నీ చూసింది. ఈ అలవాటు తనకుందని ఆమెకు తెలియదు. వర్షిణి చేస్తే తిట్టేది కూడా.

రంగయ్య గడప మీద కూర్చున్నాడు. వరూధిని ముందుకు వంగింది. హాలు నిశ్శబ్దమైంది. “మీ అమ్మ బియ్యం ఏరుకున్న ఈ గడప” అని అతని గొంతు మొదలుకాగానే తెర మీదికి మళ్ళీ ఆమె ముఖమే వచ్చింది. వచ్చి, కదలకుండా అక్కడే ఉండిపోయింది. మాటలన్నీ అతనివి, పెదాలు కదిపేది ఆమె. పక్కన ఎవరో ముక్కు చీదారు. ఎవరి కోసం చీదారో ఆమెకు అర్థం కాలేదు. ఆ ఒక్క ముఖం చూద్దామని కదా ఇంత దూరం వచ్చింది! తన ముఖం ఇంట్లో అద్దంలో రోజూ ఉచితంగానే చూసుకుంటోంది.

దీపాలు వెలిగాయి. ఇక తిట్లే అనుకుని హేమంత్‌కుమార్ తలుపు వైపు చూస్తున్నాడు. అంతలో చింతామణి ఊరి నుంచి ముఖ్య అతిథిగా వచ్చిన ఓబళప్ప గారు లేచారు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. మైకు తీసుకుని కళ్ళజోడు తుడుచుకున్నారు.

“చనిపోయిన భార్యను అంతరాత్మగా చూపించారు,” అన్నారు. “ఆమె చెప్తేనే రంగయ్య మాట్లాడతాడు. మాట ఆమెది, గొంతు ఆయనది. ఒక్కసారి కూడా వాళ్ళిద్దరూ ఒకచోట కనబడరు. ఇంత లోతైన ఆలోచన నేను ఈమధ్య చూడలేదప్పా. ఆ వెలిసిపోయిన చీరలో ఎంత అర్థం ఉందో గమనించారా?”

చప్పట్లు మోగాయి. మల్లికార్జున్ జారిన దారినే మెల్లగా పైకి లేచాడు. భుజాలు సర్దుకున్నాడు. మైకు అందుకున్నాడు.

“మొదటి నుంచీ నా మనసులో ఉన్నది ఇదేనండీ,” అన్నాడు. “బృందంలో ఎవరికీ చెప్పలేదు. చీర కూడా బాగా ఆలోచించే ఎంపిక చేశాం.”

వరూధిని లేచి బయటికి వచ్చేసింది. చీర ఎంపిక చేశారట! ఆ చీర తర్వాత గుడ్డపేలికలకు చింపుదామని పక్కన పెట్టినది.

బయట అర్పిత నిలబడి ఉంది. ఆమెను చూడగానే ముఖమంతా వెలిగించుకుని, “మేడమ్, మీరు ఎష్టు చెన్నాగి, ఎంత బాగా చేశారు!” అంది, సగం కన్నడంలో సగం తెలుగులో.

“నేనేం చేశానమ్మా? నేను ప్రాంప్టరును.”

అర్పిత కళ్ళు పెద్దవయ్యాయి. “అయ్యో! ఆత్మ కాదా మేడమ్? నాకు తెలుగు స్వల్పమే వస్తుంది. సార్ ప్రతి మాటకీ ముందు అటే చూస్తున్నారు. ఎవరో ఉండాలి కదా అని సైడ్ కెమెరాలో వెతికితే మీరున్నారు. ఎవరిని చూస్తున్నారో చూపించకపోతే తప్పు కదా అని పెట్టాను. వాయిస్ చిన్నగా ఉందని పెంచాను కూడా. సార్‌కి లింక్ పంపిస్తే సూపర్ అన్నారు.”

కోపగించుకోవడానికి అక్కడేమీ దొరకలేదు. ఆ పిల్ల తన పని తాను శ్రద్ధగానే చేసింది. “చివరి సీన్లో ఆయన ముఖం తీశావా?” అని అడిగింది వరూధిని.

“ఉంది మేడమ్. ముందు కెమెరాలో మొత్తం ఉంది.” అర్పిత ఫోన్ తీసి వెతికి చేతికిచ్చింది.

వరూధిని కళ్ళజోడు సర్దుకుని చూసింది. గడప మీద మల్లికార్జున్. ఒక్కో మాటకూ మధ్య నోరు కొద్దిగా తెరుచుకుంటోంది. కనుబొమ్మలు పైకి పోతున్నాయి. కళ్ళు దిక్కుతోచక ఎడమవైపు వెతికి, అక్కడ ఏదో దొరికినట్టు తడుస్తున్నాయి. ఆడవాళ్ళంతా ఏడ్చింది ఈ ముఖానికే. ఆమె రెండుసార్లు చూసింది. సందేహం లేదు. తర్వాతి డైలాగు ఏమిటో తెలియని ముఖం అది. సాక్సులు ఎక్కడని అడిగేదీ, గ్యాస్ బుక్ చేశావా అని అడిగేదీ అచ్చం ఇదే.

ఫోన్ తిరిగి ఇచ్చేసి, నిప్పట్ల డబ్బా తీసుకుని, అత్తగారిని కారెక్కించింది.

ఇంటికొచ్చి భోజనాలకు కూర్చునేసరికి మధ్యాహ్నం బాగా దాటిపోయింది. వేడి రాగిముద్ద, అందులోకి అనపగింజల సారు. దారి పొడుగునా మల్లికార్జున్ ఫోన్ మోగుతూనే ఉంది. ఇప్పుడు కంచం ముందు కూడా ఎడమ చేత్తో పట్టుకుని మాట్లాడి పెట్టేశాడు.

“హేమంత్ ఉగాదికి పెద్ద హాలు మాట్లాడేశాడు,” అన్నాడు. “మళ్ళీ షూటింగ్, మళ్ళీ తెర. ఓబళప్ప గారు పత్రికలో రాస్తారట. వరూ, ఈసారి నీకు విడిగా ఒక లైటు పెట్టిస్తున్నా. ప్లాస్టిక్ స్టూలు వద్దు, చెక్క పీట. తెల్ల చీర కట్టుకో, ఆత్మలా ఉంటుంది.”

“ఏమప్పా మల్లీ,” అంది భాగీరథమ్మ, ముద్ద తుంచడం ఆపి. “మొగుడు బతికుండంగా దానికి తెల్ల చీర కట్టిస్తావా? నీకేమన్నా మతి ఉండాదా?”

“అమ్మా, అది కళ.”

“కళ అయితే నువ్వు కట్టుకో.”

“అవ్వా, సూపర్,” అంది వర్షిణి.

వరూధిని అందరికీ సారు పోసింది. తన కంచంలో కూడా పోసుకుని కూర్చుంది. సాధారణంగా వడ్డించేటప్పుడు ఆమె ఏ సంగతీ ఎత్తదు. అన్నం ముందు మాటలు పెంచడం ఆమెకు నచ్చదు.

“ఉగాదికి నేను పక్కన కూర్చోను,” అంది.

“మరెక్కడ కూర్చుంటావు? కుడివైపా? అటు జనరేటర్ ఉంటుంది.”

“మూడో వరుసలో. మధ్యలో. అత్తయ్య పక్కన. నాటకం చూడడానికి వస్తున్నాను.”

మల్లికార్జున్ నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదని చూసి మానుకున్నాడు. “ఆ ఆత్మ సంగతేమిటి? అందరికీ నచ్చిందే అది! ఇప్పుడు నువ్వు మానేస్తే ఓబళప్ప గారికి ఏం చెప్పను?”

“మీ మనసులో మొదటి నుంచీ ఉన్న ఆలోచనే కదా. ఇంకొకటి ఉంటుంది చూడండి.”

భాగీరథమ్మ గట్టిగా సారు జుర్రింది.

“కోపం వచ్చింది నీకు,” అన్నాడతను మెత్తగా. “మైకులో నీ పేరు చెప్పలేదనేనా? ఈసారి చెప్పిస్తాలే. మొట్టమొదట నీ పేరే.”

“పేరు కాదండీ. ఇన్నేళ్ళూ మీ నాటకం నేను చూడలేదు. ఈరోజు చూద్దామని వస్తే నన్ను నాకే చూపించారు. అర్పిత ఫోన్లో మీ ముఖం చూశాను. అందరూ ఏడ్చేది మీరు మాట మర్చిపోయి వెతుక్కుంటుంటే. ఆ ముఖం నాకు కొత్త కాదు, ఇంట్లో రోజూ చూసేదే. మాటలు వచ్చిన మనిషి ఆ గడప మీద కూర్చుంటే ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఉంది. ఉగాదికి ఇంకా టైముంది. కాగితాలు మీ బల్ల మీద పెడతాను. రేపటి నుంచి పొద్దున కాఫీ అయ్యాక ఒక్కో పేజీ అప్పజెప్పండి, ఇంట్లో ఎంతసేపైనా వింటాను. స్టేజి దగ్గర మాత్రం నోరు విప్పను.”

“అన్ని పేజీలూ? నా వయసుకు?”

“వర్షిణి పరీక్షలప్పుడు మీరే కదండీ అన్నారు, చదివితే రానిది ఏముంటుందని.”

“అన్నారు,” అంది వర్షిణి, అప్పడం కొరుకుతూ. “నేను సాక్షి.”

మల్లికార్జున్ ముద్దను సారులో అటూ ఇటూ తిప్పాడు. తల్లి వైపు చూశాడు. ఆమె రెండో ముద్ద కోసం కంచం ముందుకు తోస్తోంది తప్ప కొడుకు వైపు చూడడం లేదు.

“సరే, చదువుతాననుకో,” అన్నాడు. “చదివి కూడా మధ్యలో మర్చిపోతే?”

“మర్చిపోతే, అందరితో పాటు నేనూ చూస్తాను,” అంది వరూధిని, అత్తగారి కంచంలో ముద్ద వేస్తూ.